లోయకు బస్సు లేదు

మాది తిరుపతి. ఏటా నేను తిరుమల మెట్లు ఉత్తకాళ్లతో ఎక్కుతాను, మా ఆయన బస్సులో వస్తారు. అందుకు ఆయన్ని ఎగతాళి చేసేదాన్ని.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఇద్దరం గండికోట పోయినాము. మెట్లెక్కిన ధైర్యంతో చెప్పులు కారులోనే వదిలేసి, బండల మీదుగా లోయలోకి సులువుగా దిగేసినాను. తిరిగి ఎక్కేటప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. బండలు పెనంలా కాలుతున్నాయి. మెట్లదారిలో ఉన్నట్టు నెత్తిమీద కప్పు లేదు, సీసాలో చుక్క నీళ్లు లేవు. సగంలో కూలబడిపోయినాను.

"నావల్ల కాదు, మీరు పోండి" అన్నాను.

ఆయన తన చెప్పులు నా కాళ్లకు తొడిగి, చెయ్యి పట్టి లేపినారు. పైకి చేరేసరికి ఆయన అరికాళ్లంతా బొబ్బలు.

"ఈ ఏటికి నా నడక మొక్కు తీరిపోయిందిలే" అన్నారు, కారుకు ఆనుకొని.

ఈసారి తిరుమలకు ఆయన పక్కనే బస్సులో కూర్చున్నాను.