ఉచ్చీరప్పన్న కారే తొట్టి

మా ఉచ్చీరప్పన్న ఎవరినీ అడగకుండా తుమ్మను కూడా తుమ్మడు. ఎమ్మిగనూరులో టైలరు. "జేబు యాడ పెడదామప్పా?" అని దారినపోయేవాడిని అడిగి, వాడు వేళాకోళానికి చెప్పిన మాట నమ్మి, చొక్కాకి వీపు మీద జేబు కుట్టిన ఘనుడు. ఆ చొక్కా నాదే. ఇప్పటికీ దువ్వెన కావాలంటే పక్కవాడిని బతిమాలుకోవాలి.

మొన్న ఎండాకాలంలో దుకాణంలోని చేపల తొట్టి మూల దగ్గర కారడం మొదలైంది. మూడు బంగారు చేపల్ని బకెట్లోకి మార్చాలా వద్దా అని ఇద్దరిని అడిగి మార్చాడు. ఇరుకు బకెట్లో అవి నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. ఈయన మాత్రం రోడ్డు మీదికొచ్చి, మంత్రాలయం బస్సుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కుతావా అన్నా?" అన్నాడు కండక్టరు.

"ఎక్కను. తొట్టి బాగుచేయించల్లా, ఆదోనికి పోయి కొత్తది తేవల్లా? ఒక్క మాట సెప్పి పోండప్పా."

బస్సులో యాభైమంది రెండు పార్టీలయ్యారు. మంత్రాలయంలో దిగాక కూడా ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీ పక్కన భోజనానికి కూర్చోలేదట.

చివరికి నా దగ్గరికొచ్చాడు. తొమ్మిదో తరగతిలోనే బడికి నా అవసరం లేకుండా పోయింది గానీ, ఊరికి ఉంది. "తుంగభద్ర కాలువకు గండి పడితే మూడు రోజులు వీపు ఆనించి ఆపినోణ్ణన్నా, ఇదెంత!" అని సైకిల్ పంక్చర్ ప్యాచి ఒకటి బయట అంటించాను. నీళ్లు పోసి చూస్తే, అంతదాకా కారిన తొట్టి పారడం మొదలుపెట్టింది.

"ఇంగ దేవదాసన్నను అడుగుతా" అన్నాడు.

దేవదాసన్న మా వీధివాడే, ఆదోని నూనె మిల్లులో ముప్పై ఏళ్లు పైపుల లీకులు మూసిన ఫిట్టరు. మిల్లు మూతపడి ఆరు నెలలు. అప్పటినుంచి మంచం దిగడు, భార్య రూతక్కతో కూడా మాట్లాడడు.

"గోడనడిగినట్టే అన్నా" అన్నాను. వినలేదు. తొట్టిని నెత్తిన పెట్టుకుని వెళ్లి మంచం ముందు దించాడు. వేడుక చూద్దామని నేనూ వెంటపోయాను.

"దేవదాసన్నా, మూడు పానాలు బకెట్లో ఉండాయి. బాగుచేయల్లా, పారేయల్లా?"

దేవదాసన్న గోడవైపుకు తిరిగి పడుకున్నాడు.

"సరేలే. మన మహేంద్రతో ఇంకో ప్యాచి ఏయిస్తా." మహేంద్ర అంటే నేనే.

దేవదాసన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ప్యాచి వంక చూశాడు. "యా గాడిద ఏసిందిరా దీన్ని? నీళ్లు లోపల్నుంచి తోస్తాంటే బయట అంటిస్తారా ఎవరన్నా?"

ఆ గాడిద ఎవరో చెప్పడం నా పని కాదని ఊరుకున్నాను.

"పాత గమ్మంతా గీకల్ల. ఆరబెట్టల్ల. లోపల సిలికాన్ ఏయల్ల. రూతూ, బ్లేడు తే!"

ఆరు నెలల తర్వాత ఆ గొంతులో తన పేరు విన్న రూతక్క బ్లేడు తెచ్చింది, కత్తి తెచ్చింది, ఆఖరికి కూరలు తరిగే ఈలపీట కూడా తెచ్చింది.

"సిలికాన్ యాడ?" అన్నాడాయన మంచం దిగుతూ.

ఉచ్చీరప్పన్న నడుం దగ్గరినుంచి ట్యూబు తీసిచ్చాడు.

తిరిగొస్తూ నిలదీశాను. "ఎప్పుడు కొన్నావన్నా?"

"తొట్టి కారిన గంటకే."

"మరి ఊరంతా ఎందుకు అడిగినావు?"

"నేరుగా ఆయన్నే అడిగితే జాలిపడి వచ్చినానని అనుకోడా? ఊరంతా అడిగితే, అందర్లో ఆయనొకడు."

"మరి నన్నెందుకు?"

"ఆయనకు రోషమొచ్చే సలహా ఒకటి కావల్సొచ్చెనప్పా. అట్లాంటిది నువ్వు గాక ఇంకెవురిస్తారు?"

మూడో రోజుకి చేపలు తొట్టిలో ఈదుతున్నాయి. దేవదాసన్న రోజూ దుకాణానికొచ్చి, మూలలు తడిమి చూసి, నన్ను నాలుగు తిట్టి మరీ పోతున్నాడు. ఆదోని మిల్లువాళ్లు ఎవరైనా అడిగితే చెప్పండి: ఆయన్ను మంచం దింపిన వైద్యుణ్ణి నేనే.