బిచ్చయ్య రాసిన రెన్యూవల్ అర్జీ

మా తమ్ముడు బిచ్చయ్య నాంపల్లి కోర్టు బయట బల్ల వేసుకుని ముప్పై ఆరేళ్లుగా అర్జీలు రాస్తున్నాడు. పక్కనే నేను తెల్లకాగితాలు, కవర్లు అమ్ముతాను. రెండో తరగతితో ఆగిపోయినదాన్నే గానీ, వాడి అర్జీ ఒక్కసారి చదివి వినిపిస్తే తప్పెక్కడుందో చెప్పగలను.

వాడికో నమ్మకం. గడువు తీరిన కాగితం ఏదైనా సరే, ఆలస్యం మన్నించమని అర్జీ పెడితే మళ్లీ బతుకుతుందని. దుకాణం లైసెన్సులు, బస్సు పాసులు, కిరాయి ఒప్పందాలు ఎన్నో అలా బతికించాడు. ఆ గర్వంతోనే ఇస్త్రీ చొక్కా లేనిదే ఆబిడ్స్ దాటడు.

వాడి బిడ్డ చంద్రిక తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. పొద్దస్తమానం ఫోన్లో వార్తలే. అమెరికా, రష్యా ఎన్ని అణుబాంబులు సిద్ధంగా పెట్టుకోవచ్చో హద్దు గీసిన ఒప్పందానికి ఫిబ్రవరిలో గడువు తీరిపోయిందట. అది చదివినప్పటి నుంచి పిల్లకు ముద్ద దిగడం లేదు. ఇట్లా అయితే లోపలి బిడ్డ ఎదగదని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

"తినవే. నువ్వు ఉపాసముంటె వాళ్లు బాంబులు జెయ్యుడు బంద్ వెడ్తరా?" అన్నాను.

"నాయిన ఊరందరికి రాస్తడు గద అత్తా. దీనికి గూడ ఒక అర్జీ రాయుమను" అంది ఎగతాళిగా.

బిచ్చయ్యకు అందులో ఎగతాళి వినబడలేదు. "గడువు తీరింది, గంతే గద. రెన్యూవల్ జేపిస్తె అయిపాయె. ఫికర్ జెయ్యకు బిడ్డా, నేను స్టాంపు ఏపిచ్చుకొస్త. నువ్వు తిను" అన్నాడు.

ఆ పూట పిల్ల నాలుగు ముద్దలు తిన్నది. ఇక వాణ్ణి ఆపడం నా వల్ల కాలేదు.

'విషయం: గడువు తీరిన ఒప్పందమును, ఆలస్యము మన్నించి, పునరుద్ధరించుట గురించి' అని రాశాడు.

"నీకు మతి గిట్ల పోయిందారా?"

"జర ఊకో అక్కా. కామా యాడ పెట్టాల్నో చూస్తున్న."

లక్డీకాపూల్‌లో అర్జీలు తీసుకునే ఒక సర్కారు ఆఫీసుకు పోయాం. నలుగురిలో నవ్వులపాలైతే పక్కన ఒకరుండాలని నేనూ వెళ్లాను. కానీ అక్కడి గుమాస్తా అమ్మాయి నవ్వలేదు. చివరిదాకా చదివింది.

"పెద్దాయనా, రెన్యూవల్‌కు రెండు పార్టీల సంతకాలుండాలె గద?"

"ఉండాలె."

"మరి ఏవి? మీరు మూడో మనిషి."

వాడి మొహం మాడిపోయింది. పక్కింటివాడి కోసమనీ, బావమరిది కోసమనీ వచ్చిన ఎంతమందిని ఇదే మాటతో వాడు తిప్పి పంపాడో నాకు తెలుసు.

"అయితె యాడ ఇయ్యాలె అమ్మా?"

ఆ పిల్ల ఆలోచించింది. పక్క టేబులాయన్ని అడిగింది. ఆయనా ఆలోచించాడు. "మాకైతె తెల్వది పెద్దాయనా" అన్నారు. తిట్టి పంపినా నయముండేది.

ఇంటికొచ్చేసరికి చంద్రిక గుమ్మంలోనే ఉంది. "స్టాంపు పడ్డదా?"

"లేదు బిడ్డా. మనం మూడో మనుషులమంట."

"బాంబు మన మీద పడితె గూడనా?"

బిచ్చయ్య ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"నేను ఊకెనే అన్న నాయినా. నువ్వు నిజంగ పోతవనుకోలె" అంది మెల్లగా.

"నేను ఊకెనే రాయలె బిడ్డా."

తండ్రి కోసం కంచం ముందు కూర్చుంది, అన్నం కలిపింది. ముద్ద నోటిదాకా తెచ్చి దించేసింది.

సోమవారం దవాఖానలో తూస్తే చంద్రిక బరువు ఇంకాస్త తగ్గింది. డాక్టరమ్మ బిచ్చయ్యను పక్కకు పిలిచింది. "ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా?"

"ఇంట్ల ఏం లెవ్వమ్మా" అన్నాడు వాడు.