అమ్మకు ఏం ఇష్టం?

పొద్దున వంటింట్లోంచి కొత్త కోడలు అడిగింది: "మామా, మీ అమ్మకేం ఇష్టముండె? గదే వండుత." ఇవాళ పెత్తరమాస. పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చి, వాళ్లు ఇష్టంగా తిన్నది వండిపెట్టే రోజు. పాలకుర్తిలో మా ఇంట్లో చనిపోయినవాళ్లందరికీ గారెలే ఇష్టం. అంటే, వండేవాళ్లకు అవే అలవాటు. మా తాత బతికుండగా గారె ముట్టింది లేదు, పళ్లుంటే కదా! అయినా ఏటా ఆయన విస్తట్లోనూ రెండు పడతాయి. ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఆమె మొహం కూడా నాకు ఫొటోలో చూసిందే. సిగ్గనిపించాలి, ఏమీ అనిపించలేదు.

నర్సింహులపేటలో ఉన్న పెద్దమ్మకు, అంటే అమ్మ వాళ్లక్కకు, ఫోన్ చేశాను. ఆమెకు చెవులు సగమే పనిచేస్తాయి, నోరు మాత్రం నిండుగా ఉంది.

"గిప్పుడు యాదికొచ్చిందారా మీ అమ్మ? మక్క గటకంటే పానం. మజ్జిగ పోసుకొని తినేది. ఆకరి ముద్ద నీ నోట్ల పెట్టి, ఉత్త గిన్నె నీ నెత్తి మీద బోర్లిచ్చి నవ్వేదట."

"నవ్వేదట ఏంది పెద్దమ్మా? నువ్వు చూడలేదా?"

"నేనేడ చూసిన? నువ్వే చెప్పినవ్ రా! అమ్మ పోయిన కొత్తల పొద్దుమాపు గదే ముచ్చట. మీ నాయిన ఇనలేక బయటికి పోయేటోడు. నాయిన ముందట అమ్మ మాట ఎత్తకని మీ నాయినమ్మ నిన్ను బెదిరిచ్చింది. మేం గుడ ఎత్తలే. పోరడు మర్సిపోతే సల్లగుంటడనుకున్నం."

ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చున్నాను. పక్కింటామె సంతకు తీసుకెళ్లి తెచ్చిన బిడ్డను "ఇంకేం చూసినవ్?" అని అడుగుతోంది. ఆ పిల్ల చూసినవీ, చూడనివీ కలిపి చెబుతోంది. అలా ఎవరో అడుగుతుంటే, చెప్పీ చెప్పీ నిలబడతాయేమో చిన్నప్పటి సంగతులు. నన్ను అడిగినవారు లేరు. అందరిదీ ప్రేమే. కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు.

కోడలు మొక్కజొన్న రవ్వ ఉడకబెట్టి గటక వండింది. అమ్మకు విస్తట్లో పెట్టి, నేనూ మజ్జిగ పోసుకుని తిన్నాను. నోటికి మక్కల రుచి తగిలింది. అమ్మ తగల్లేదు.

"మంచిగున్నదా మామా?"

"మంచిగున్నది బిడ్డా."

అమ్మను అమ్మగా ఎరిగినవాడు ఆ నాలుగేళ్ల పిల్లవాడొక్కడే. వాణ్ని అందరూ కలిసి ఊరుకోబెట్టారు. యాభై ఏళ్లు దాటిపోయాయి, వాడు మళ్లీ నోరు విప్పలేదు.