తెర నిండిన బొమ్మ

కంబదూరు బస్టాండు పక్కన మల్లికార్జున వీడియో కొట్టు, దాన్ని ఆనుకుని నా టైలరింగ్ కొట్టు. ఇద్దరిదీ ఒకే ఊరు. వాడి తండ్రి గొర్రెలు కాసేవాడు. వీడికి గొర్రెల వెంట తిరగడం నామోషీ. పది తప్పాక అనంతపురంలో ఒక స్టూడియోలో చేరాడు. క్యాసెట్ల కాలంలో పని నేర్చుకుని, సీడీల కాలంలో సొంత కొట్టు పెట్టాడు. హెచ్.డి. కెమెరా కొనేనాటికి చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా వాడు రానిదే తాళి కట్టరన్నంత పేరొచ్చింది. పనిమంతుడే, కాదనను. మనిషే మంచివాడు కాదు.

వాడి గొప్పంతా ఒకటే. వాడిచ్చిన డిస్కు ఎంత పాత ప్లేయర్లో పెట్టినా ఆడుతుంది. కెమెరాలో బొమ్మ పెద్దది, వెడల్పైనది. దాన్ని ఉన్నదున్నట్టు డీవీడీకి ఎక్కిస్తే మన ఇళ్ళలో ఉండే ప్లేయర్లు చదవలేవు. అందుకని పూటంతా కంప్యూటర్ నడిపి, బొమ్మను చిన్నది చేసి ఎక్కించేవాడు. అందులోనూ ఒక తిరకాసు ఉంది. అప్పటికి ఊళ్ళలో ఇంకా డబ్బా టీవీలే. వెడల్పు బొమ్మ పెడితే పైనా కిందా నల్లపట్టీలు పడతాయి. పెళ్ళివాళ్ళు వాటిని చూసి కొట్టు మీదికి వచ్చేవాళ్ళు, సగం బొమ్మ మింగేశావని. నాలుగు తిట్లు తిన్నాక మల్లికార్జున ఉపాయం పట్టాడు. బొమ్మను తెర నిండా పెంచి, రెండు పక్కలా మిగిలింది కోసేసేవాడు.

ఆ తర్వాత ఒక్కరు నోరెత్తితే ఒట్టు. ఎందుకెత్తుతారు? పెళ్ళిలో పక్కల నిలబడేది ఎవరు? వంటవాళ్ళు, మేళగాళ్ళు, మంచి బట్టల్లేని చుట్టాలు. "నువ్వు గుడ్డ అంచు కొయ్యవాన్నా, ఇదీ అంతే" అని నాతో అనేవాడు. నేను కోసి పారేసే ముక్కల్లో మనుషులుండరు.

మా ఊళ్ళో పెద్ద రైతు నారాయణ. ఆయన కూతురు వనజాక్షి పెళ్ళి వానల్లేని ఏడు జరిగింది. ఊళ్ళో పశువులకు పరక లేదు. బోర్ల కింద పండిన శనక్కాయ కట్టె మాత్రం నారాయణ కళ్ళంలో మేతకని పెద్ద వామిగా పేర్చి ఉంది. పెళ్ళికి ముందు ఆదెన్న వెళ్ళి ఒక మోపు అడిగాడు. ఆదెన్న గొర్రెలు కాసుకునే ముసలాయన, పిలిస్తే నారాయణ ఇంట్లో చాకిరీ కూడా చేసేవాడు. నారాయణ లేదన్నాడు. ఆదెన్నకు కడుపు మండి, ఎవరికీ పెట్టని మేత ఉన్నా ఒకటే కాలిపోయినా ఒకటే అని నలుగురిలో అనేశాడు.

పెళ్ళి రోజు ఒకటే గాలి. షామియానా ఎడమ పక్క గుంజ ఊగుతుంటే నారాయణ భార్య చెన్నమ్మ ఆదెన్నను పిలిచి, తాళి కట్టేదాకా పట్టుకుని నిలబడమంది. నిలబడ్డాడు. గట్టిమేళం మోగింది. మగపెళ్ళివాళ్ళు టపాకాయలు పేల్చారు. ఆ గాలికి రవ్వలు లేచి కళ్ళంలో పడ్డాయి. అక్షింతలు వేసిన చేతులతోనే జనం బిందెలు ఎత్తుకుని పరుగెత్తారు గానీ వామి దక్కలేదు.

నిప్పు ఎక్కడిదో కళ్ళున్న ప్రతివాడికీ తెలుసు. కొత్త అల్లుడి వాళ్ళను అనే దమ్ము ఎవరికుంది? సాయంత్రానికల్లా ఊరందరికీ ఆదెన్న అన్న మాట గుర్తొచ్చింది. తాళి కట్టేటప్పుడు అందరి కళ్ళూ తాళి మీదే ఉన్నాయి కాబట్టి, గుంజ దగ్గర ఎవరున్నారో ఎవరూ చూడలేదట. ఆదెన్న భార్య హనుమక్క వాకిలి వాకిలికీ వెళ్ళి తిట్టిపోసింది. తన మొగుడు ఒక మాట అంటాడే గానీ అగ్గిపుల్ల గీసే మనిషి కాదంది. చివరికి ఆదెన్నే పెద్దమనుషుల ముందుకొచ్చి పందెం వేశాడు.

"వీడియో చూడండప్పా. తాళి కట్టేతప్పుడు నేను గుంజకాడ ల్యాకపోతే నా గొర్రెలన్నీ తోలుకోని పోండి."

అందరూ సరేనన్నారు. మల్లికార్జున కొట్టుకెళ్ళి ఒక్కడే తన కంప్యూటర్లో వెతికాడు. ఉన్నాడు ఆదెన్న. రెండు చేతులతో గుంజను వాటేసుకుని, పంచె గాలికి ఎగురుతుంటే, నోరు తెరుచుకుని తాళి వంక చూస్తూ తల నుంచి కాలి దాకా ఉన్నాడు. కోసేసే ఎడమ పక్క ముక్కలో ఉన్నాడు.

ఇదంతా ఆదెన్న చచ్చిపోయిన చాలా కాలానికి మల్లికార్జునే నాకు చెప్పాడు, టీ తాగుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు. వాడిలో ఉన్న మంచితనమంతా ఆ ఒక్క పూటకు సరిపోయినట్టుంది. బొమ్మను చిన్నది చేసేంత పూట ఆగలేక, పక్కలు కోయకుండా ఉన్నదున్నట్టే ఒక డీవీడీకి ఎక్కించి నారాయణ ఇంటికి తీసుకెళ్ళాడు. ప్లేయర్లో పెట్టారు. అది కాసేపు గరగరలాడి డిస్కు లేదని చూపించింది. నారాయణ నవ్వాడు. మల్లికార్జున తడబడుతూ, డిస్కులో బొమ్మ ఉందని, ఈ ప్లేయర్ చదవలేకపోతోందని, తన కొట్టుకు వస్తే కంప్యూటర్లో ఆదెన్నను చూపిస్తానని చెప్పాడు. నారాయణ టీవీ కట్టేశాడు.

"ఆదెన్న గుంజ పట్టుకోని ఉన్నెది నేనూ చూసినాలేప్పా. అయితే నిప్పు యాడిదని అడగతారు గదా. మా అల్లునోళ్ళ టపాకాయలదని చెప్పల్లనా?"

తన ఒక్క మాటతో మల్లికార్జునకు ఎన్ని పెళ్ళిళ్ళు దొరికాయో నారాయణ నిదానంగా గుర్తు చేశాడు. తర్వాత ఆ డిస్కును రెండుగా విరిచి వాడి చేతిలో పెట్టాడు.

"రేపు ఆడే డిస్కే త్యా."

ఆ మాటతో బరువు దిగినట్టయిందట వాడికి. ఇంటికి పోతూ కొట్టు తీసి, కంప్యూటర్లో ఉన్నది కూడా తుడిచేశాడు. ఎందుకు తుడిచావురా అని అడిగాను. ఇంకో పెళ్ళి ఉండె, చోటు కావాలి గదా అన్నాడు.

మర్నాడు నారాయణ ఇంటి అరుగు మీద టీవీ పెట్టారు. నేనూ వెళ్ళాను. ఎందుకొచ్చామో జనం కాసేపట్లోనే మరిచిపోయారు. ఎవరి చీర ఎలా ఉందో, ఎవరు ఎంత తిన్నారో చూసుకుని ఒకటే నవ్వులు. తాళి దగ్గరికొచ్చేసరికి మల్లికార్జున బొమ్మను ఆపాడు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పంతులు, ఎడమన నారాయణ చెల్లెలు. ఆమె భుజం దగ్గర తెర అయిపోయింది.

ఆదెన్న లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. తెర అంచున కన్ను పెట్టి, తలుపు సందులోంచి చూసినట్టు పక్కకు చూశాడు. డబ్బా పక్కన చేయి పెట్టి తడిమాడు.

"బొమ్మను రోంత ఈ పక్కకు జరుపు మల్లికార్జునా. నేను ఈడనే ఉండా."

అరుగంతా గొల్లున నవ్వింది. మల్లికార్జున, జరపడానికి రాదని, తీసింది అంతేనని చెప్పాడు. మీరే కదా నిలబడమన్నారని ఆదెన్న చెన్నమ్మను అడిగాడు. నిలబడమన్న మాట నిజమేనని, నిలబడ్డాడో లేదో తాను చూడలేదని ఆమె అంది. పెద్దమనుషులు మళ్ళీ వేయమన్నారు. మళ్ళీ లేడు. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నారాయణ మనుషులు ఆదెన్న దొడ్డి వైపు నడిచారు.

అప్పటిదాకా మొగుడి పక్కన కొంగు బిగించి నిలబడ్డ హనుమక్క ఒక అడుగు వెనక్కి జరిగింది. గొర్రెలు పోతున్న వైపు చూడలేదు. ఆదెన్న మొహంలోకే చూసింది.

"గుంజ పట్టుకున్న్యానని నాకు గూడా అబద్దం చెప్పినావా?"

మల్లికార్జున వాళ్ళకు మూరెడు దూరంలో కూర్చుని ప్లేయర్ వైర్లు చుట్టుకుంటున్నాడు. చివరి వైరు దగ్గరికొచ్చాక, దాని మీద ఉన్న హనుమక్క కాలు తీయమన్నాడు.