చికెన్ మోమోలో రొయ్యల పొడి

ఈ సాయంత్రం నా స్నేహితురాలు షమీమ్‌తో మార్కాపురంలో కొత్తగా తెరిచిన చైనీస్ హోటల్‌కు వెళ్లాను. అన్నీ రుచి చూడాలని చిన్న చిన్న ప్లేట్లు తెప్పించుకున్నాం. చికెన్ మోమో తిన్న కాసేపటికే షమీమ్ పెదాలు ఉబ్బిపోయాయి. ఊపిరి ఆడక గొంతు పట్టుకుంది.

"దీంట్లో ఏం వేసినారన్నా?" అని అరిచాను.

"రుచికి కొంచెం రొయ్యల పొడి వేసినామక్కా," అన్నాడు వడ్డించే అతను.

షమీమ్‌కు రొయ్యలు అస్సలు పడవు. ఆటోలో ఆసుపత్రికి వెళ్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దారిలో ఒకచోట ఆ పట్టు సడలింది. అక్కడ నా ప్రాణం పోయినంత పనైంది.

ఇంజెక్షన్ చేశాక షమీమ్‌కు మెల్లగా మాట వచ్చింది.

"ఏందే, నూడుల్స్ అట్లనే వదిలేసి వచ్చినామా?"

నవ్వబోయి ఏడ్చేశాను. మీకు ఏది పడదో మీతో కూర్చుని తినేవాళ్లకు తెలుసా?