డాక్టరు పక్కన ఉండేదాన్ని

శిక్షణ తరగతిలో మొదటిరోజే ఆ మాటకు అర్థం చెప్పారు. ‘పారా’ అంటే గ్రీకులో పక్కన. ‘మెడిక్’ అంటే వైద్యుడు, అది లాటిన్ నుంచి వచ్చింది. పారామెడిక్ అంటే వైద్యుడి పక్కన నిలబడేవాళ్లు. విని మురిసిపోయాను. అంబులెన్సు ఎక్కాక ఒళ్లు మండింది. పక్కన నిలబడడానికి ఆ డాక్టరు ఏడీ? వెనకాల నేను, ముందు డ్రైవరన్న, అంతే. డాక్టరు ఫోన్లో దొరకాలి, ఫోనుకు సిగ్నల్ దొరకాలి.

మడకశిర దగ్గర గొర్రెలు కాసుకునేవాళ్ల పల్లెలో, నొప్పులు పడుతున్న అమ్మాయిని ఎక్కించుకున్నాం. తోడుగా వాళ్లమ్మ వచ్చింది. సగం దారిలోనే బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. ఏడవలేదు. తుడిచాను, వీపు రుద్దాను. ఉలుకూ పలుకూ లేదు. ఇక బొడ్డు కోసి, పక్క బల్ల మీద పడుకోబెట్టి ఊపిరి పట్టించాలి. డాక్టరుకు ఫోన్ కలవలేదు.

కత్తెర తీయగానే ముసలామె నా చెయ్యి పట్టేసింది.

“మాయ పడలేదు పాపా! ఇప్పుడే కోస్తే పైకెక్కుతాది. నా కూతురు సచ్చిపోతాది.”

“అట్లేం కాదవ్వా, ఇడువు.”

“నువ్వు డాక్టరమ్మవా?”

“కాదు, పారామెడిక్.”

“అంటే?”

“డాక్టరు పక్కన ఉండేదాన్ని.”

“మరి డాక్టరు యాడుండాడు?”

బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. మా ఊరు యాడికిలోనూ ఆడవాళ్లకు ఇదే భయం. మాయ పైకి పోకుండా బొడ్డుతాడు కొసను తల్లి తొడకు దారంతో కట్టేవాళ్లు. అది గుర్తొచ్చి వాదన మానేశాను. బొడ్డుతాడుకు రెండు క్లిప్పులు బిగించి, తల్లివైపుది ముసలామె చేతిలో పెట్టాను.

“నువ్వే పట్టుకో. లాగొద్దు. నీ చేతిలో ఉంటే పైకి ఎట్ల పోతాది?”

ఆమె నా చెయ్యి వదిలి దాన్ని పట్టుకుంది. కోసేశాను. బిడ్డ ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచి నొక్కాను. ఛాతీ లేవలేదు. తల కాస్త సర్ది మళ్లీ నొక్కాను. లేచింది. నొక్కుతూనే ఉన్నాను. చిన్న దగ్గు, ఆ వెనకే ఏడుపు.

“బతికిందప్పా!” అని ముందునుంచి డ్రైవరన్న అరిచాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

“చూడవ్వా, మనవరాలు” అన్నాను.

ఆమె తల తిప్పలేదు. రెండు చేతులతో ఆ క్లిప్పు పట్టుకుని, కూతురి మొహమే చూస్తూ కూర్చుంది. మాయ పడేదాకా మనవరాలి వైపు చూడనే లేదు.