జంపక్క అడిగే పిడికెడు మట్టి

దుమ్ముగూడెం శిక్షణ కేంద్రంలో తాపీ పని నేర్పే జంపక్కకు ఒక పిచ్చి ఉంది. ఇల్లు కట్టే సంగతి ఎవరేం అడిగినా, ముందు ఆ స్థలంలోంచి పిడికెడు మట్టి తెమ్మంటుంది. తడిపి ఉండ చేసి, అరుగు మీద ఎండబెడుతుంది. మర్నాడు ఆ ఉండ మొహం చూశాకే నోరు విప్పుతుంది. పదహారేళ్లు సిమెంటు తట్టలు మోస్తూ, మేస్త్రీల చేతులు చూసి చూసి పని పట్టిన మనిషి. బడి మెట్లు ఎక్కలేదు. అయితేనేం, ఆమె గోడకు దారం గుండు వేలాడదీసి వంక పట్టుకున్నవాడు లేడు.

ఫోన్లో చాట్‌బాట్ వచ్చాక పని నేర్చుకునే పిల్లలు ఆమెను అడగడం మానేశారు. సిమెంటు పాళ్లు, పునాది లోతు, ఏదైనా అది చిటికెలో చెబుతోంది మరి. జంపక్కకు కోపం రాలేదు, బాధేసింది. అరుగు మీద ఉండల్లేని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ పిల్లల్లో లాలి అంటే ఆమెకు ప్రాణం. లాలి తన చేత్తో కట్టబోయే మొదటి ఇల్లు వాళ్ల సొంతిల్లే. ఫోను చెప్పిందని పునాదికి మూడడుగులు తవ్వింది. ఎల్లుండి కాంక్రీటు. ఆ మాట విని జంపక్క ఉండబట్టలేక, తనే వెళ్లి ఆ గోతిలోంచి పిడికెడు మట్టి తెచ్చుకుంది.

మర్నాటికి ఉండ నెర్రెలు విచ్చింది. నల్లరేగడి! వానకు ఉబ్బి, ఎండకు కుంగే నేల. ఆ లోతులోనే పునాది పోస్తే గోడలు చీలిపోతాయి.

జంపక్క ఉండను లాలి చేతిలో పెట్టింది. "గిది నల్లరేగడి. గీ మట్టి సంగతి దానికి చెప్పు. ఏమంటదో సూద్దాం."

లాలి టైపు చేసింది. జవాబు పైకి చదివింది. "నల్లరేగడి అయితే మూడడుగులు చాలకపోవచ్చు. గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఇంజనీరుకు చూపించండి. మీరు మట్టి రకం చెప్పలేదు కాబట్టి మామూలు నేల అనుకున్నాను."

"ఇంత తెలిసి గూడ, మట్టి ఏందని నన్ను ముందే ఎందుకు అడగలేదక్కా ఇది?"

"పాపం, పిడికిట్ల పట్టి సూద్దామంటే దానికి చేతుల్లేవు బిడ్డా. నీకున్నయి గదా. మరి నువ్వెందుకు అడగలే నన్ను?"

లాలి ఏడ్చేసింది. నాలుగు చీవాట్లు పెట్టాలని ఎంత అనుకున్నా జంపక్కకు చేతకాలేదు. కొంగు దోపి, గడ్డపార పట్టుకుని లాలితోపాటు గోతిలోకి దిగింది. ఐదడుగుల దగ్గర గడ్డపార ఖంగుమంది. గట్టి మొరం నేల తగిలింది. ఇంజనీరు వచ్చి చూసి సరేనన్నాక కాంక్రీటు పోశారు.

సోమవారం కేంద్రానికి సోని అనే కొత్త పిల్ల వచ్చింది. "లాలక్కా, మా ఇంటికి ఎంత లోతు తవ్వాల్నో జర ఫోన్ల అడుగు."

లాలి ఫోను తీయలేదు, అరచెయ్యి చాపింది. "ముందు మట్టి తెచ్చినవా?"

ఆ పూట జంపక్క రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.